బుధవారం పిల్లల కార్డు

పోయిన నెల ఒక ఆదివారం ష్వైన్‌ఫర్ట్ నుంచి నలుగురు మాస్టర్స్ విద్యార్థులు మా ఇంటికి భోజనానికి వచ్చారు. తెల్లవారకముందే బయల్దేరి, మూడు రైళ్ళు మారి, ముందు మా ఊరి కొండ దగ్గరికి వెళ్ళారట, స్కీయింగ్ నేర్చుకుందామని. కౌంటర్ దగ్గర తెర మీద టికెట్ ధర చూశారు. స్కీలూ బూట్లూ అద్దెకిచ్చే షాపులో ఇంకో ధర చూశారు. నలుగురూ పక్కకు వెళ్ళి పది నిమిషాలు మాట్లాడుకుని, మంచులో ఫొటోలు దిగి మా ఇంటికి వచ్చేశారు. తడిసిన బూట్లు గుమ్మం దగ్గర విప్పి, సాక్సులు హీటర్ మీద ఆరేసి కూర్చున్నారు. మా ఆవిడ పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసింది.

రెండోసారి అన్నం పెట్టుకుంటూ నల్లగొండ అబ్బాయి అందుకున్నాడు. "అంకుల్, ఒక్కరోజు జారుడుకు గంత రేటా? నలుగురికి కలిపితే నా రూముకు కట్టే నెల మీటె అయితుంది. అది గుడ పొద్దున ఫోన్‌ల చూసిన రేటు మేం కౌంటర్ కాడికి పోయేసరికి పెరిగింది. ఎవడు రాసిండో ఆ సాఫ్ట్‌వేరు, వాడు దొరకాలె నాకు!"

అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. గరిటె చేత్తో పట్టుకుని నా వంక చూసింది. నేను, "ఇంకొంచెం చారు పోసుకో బాబూ" అన్నాను. వాడు వెతుకుతున్న మనిషి వాడికి ఎదురుగానే కూర్చుని అప్పడం విరుచుకుంటున్నాడని వాడికి తెలియదు.

ఆ రోజు చెప్పలేకపోయాను. అరవై ఆరేళ్ళు నెత్తికొచ్చి, పెన్షన్ తీసుకుంటూ కూడా, నలుగురు పిల్లల ముందు నోరు పెగల్లేదు. నోటితో చెప్పలేనివాడు కాగితం మీద పెట్టుకోవాలి. అందుకని ఇది మీకోసం, ఇక్కడ కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీ అందరికోసం రాస్తున్నాను. నా ఉద్యోగంలో గొప్పలు చెప్పుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. ఇది వాటిలోది కాదు.

మాది గుడివాడ దగ్గర. మంచుగడ్డ అంటే నాకు తెలిసింది చెరకురసం బండి దగ్గర గోనెసంచిలో చుట్టిపెట్టిన దిమ్మ ఒక్కటే. జర్మనీ వాళ్ళు కంప్యూటర్ మనుషులకు గ్రీన్ కార్డులు ఇస్తున్న రోజుల్లో, నలభై దాటాక, భార్యనూ ఆరేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఆల్ప్స్ అంచున ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చాను. నాకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీ చేసే పనేమిటంటే, స్కీ కొండల దగ్గర లిఫ్టులకు టికెట్ గేట్లూ, వాటిని నడిపే సాఫ్ట్‌వేరూ తయారుచేయడం. ఎడారిలో పడవల లెక్కలు రాయడానికి కుదిరినట్టు కుదిరానని మా ఆవిడ నవ్వేది.

అప్పట్లో మా ఊరి కొండ చిన్నది. స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు నడిపేవారు. కుర్చీల్లో కూర్చుని పైకి వెళ్ళే లిఫ్టు కాదు. పైన తిరిగే తాడుకు కర్రలు వేలాడుతుంటాయి, ఆ కర్రను తొడల వెనక ఆనించుకుని నిలబడితే అది మనల్ని మంచు మీద ఈడ్చుకుంటూ తీసుకెళుతుంది. కింద ఒక చెక్క గది. గది గోడకు ధరల బోర్డు. రేటు మారితే క్లబ్బులో ఎవరో కుంచె తెచ్చి పాత అంకె మీద కొత్త అంకె వేసేవారు. దగ్గరికెళ్ళి చూస్తే రంగు కింద అంతకుముందు అంకెలు కూడా కనిపించేవి. మధ్యాహ్నమంతా ఆడుకోవడానికి అయ్యేది ఒక పిజ్జా ఖరీదు. పోస్టుమాన్, పాలకేంద్రంలో పనిచేసే ఆమె, ఆసుపత్రి నర్సు, అందరూ స్కీలేసుకుని కనిపించేవారు. కొత్త స్కీలు కొన్నవాణ్ణి చూసి వెనకాల నవ్వుకునేవారు కూడా. చలికాలం మొదలవుతుండగా బడి జిమ్ హాల్లో పాత స్కీల సంత పెట్టేవారు. అక్కడ అన్న స్కీలు తమ్ముడికీ, తమ్ముడివి పక్కింటి పిల్లకూ వెళ్ళేవి.

ఆ లిఫ్టు దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. వేసవిలో పది ఆవుల్ని చూసుకునే రైతు, చలికాలంలో లిఫ్టు మనిషి. వచ్చినవాళ్ళ కార్డుకు చేతి పంచ్‌తో ఒక చిల్లు వేసి, కర్ర అందించి, వెనక సర్ది పంపడం ఆయన పని. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, "పస్ట్ షో". ఫర్వాలేదు, సరిపోయింది, పోనీలే, అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్లవాడు పడితే పస్ట్ షో, చిల్లర తక్కువైతే పస్ట్ షో, నేను కర్ర జారి బోర్లా పడి లైనంతా ఆగిపోతే లేపి, దులిపి, పస్ట్ షో.

బుధవారం మధ్యాహ్నాలు పిల్లలవి. బోర్డు మీద కింది వరసలో 'బుధవారం పిల్లల కార్డు' అని ఒక చిన్న ధర ఉండేది కానీ, దాన్ని ఎవరూ కొని ఎరగరు. అక్కడి పద్ధతి వేరు. బడి అయిపోగానే ఊరి పిల్లలంతా స్కీలు భుజానేసుకుని వచ్చేవారు. కొత్తగా కురిసిన మంచు మెత్తగా ఉంటుంది కదా, లిఫ్టు కర్ర మనిషిని లాగే దారి గట్టిపడాలి. పిల్లలు అడ్డంగా వరసగా నిలబడి, స్కీలతో అడుగులో అడుగు వేసుకుంటూ కింది నుంచి పైదాకా ఆ దారిని తొక్కేవారు. అరగంట తొక్కితే ఆ మధ్యాహ్నమంతా లిఫ్టు వాళ్ళదే. టికెట్ లేదు, చిల్లు లేదు. ఎప్పటి నుంచీ అంటే వాళ్ళ తాతలప్పటి నుంచీ అని చెప్పేవారు.

నేను కొత్తలో పది చిల్లుల కార్డు ఒకటి కొన్నాను, ఎక్కినప్పుడల్లా ఒక చిల్లు, పదీ పడితే కార్డు అయిపోయినట్టే. రెండు చిల్లులు పడ్డాక పెద్దాయన దాన్ని నా జేబులోకే తోసేసి, షెడ్డులోంచి ఒక జత పాత స్కీలు తీసిచ్చి, పిల్లల వరస చూపించాడు. "వాళ్ళతో నిలబడు. ముందు తొక్కు. తొక్కితే నిలబడడం వస్తుంది, నిలబడితే జారడం వస్తుంది" అన్నాడు. ఆఫీసులో బుధవారం సగం రోజు సెలవు సర్దుకుని, ఆరేడేళ్ళ పిల్లల మధ్య మా అమ్మాయి పక్కన నిలబడి నేనూ మంచు తొక్కాను. మా ఆవిడ దూరం నుంచి చూసి, "ఏంటండీ, చేలో దమ్ము చేస్తున్నట్టు ఆ తొక్కుడు!" అని అరిచేది. ఆ శీతాకాలం, ఆ తరవాతి శీతాకాలం కూడా, మేమిద్దరం ఒక్క పైసా కట్టకుండా స్కీయింగ్ నేర్చుకున్నాం. ఈ దేశంలో నన్ను ఏ కాగితమూ అడక్కుండా లోపలికి రానిచ్చిన మొదటి మనిషి ఆయన. మీలో ఇంటి అడ్రసు నమోదు చేయించుకునే ఆన్‌మెల్డుంగ్ టెర్మిన్ కోసం నెలల తరబడి తిరిగినవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది.

పదేళ్ళు గడిచాయి. మంచు తగ్గుతూ వచ్చింది. కృత్రిమంగా మంచు చిమ్మే యంత్రాలు కావాలి, వాటికి నీళ్ళు కావాలి, నీళ్ళకు కొండ మీద చెరువు తవ్వాలి, అన్నిటికీ కరెంటు కావాలి. క్లబ్బు వల్ల కాలేదు. పక్క లోయలో పెద్ద కొండను నడిపే కంపెనీ మా కొండను కొనేసింది. ఈడ్చే కర్రలు పోయి, సీటు కింద వేడి వచ్చే ఆరుగురి కుర్చీలు వచ్చాయి. హోటళ్ళు వచ్చాయి. ఖర్చు పెరిగింది కాబట్టి రేటూ పెరిగింది. ఇదంతా నా పాపం అని నేను అనను. నా పాపం ఎంతో నాకు తెలుసు, ఎక్కువ మొయ్యను, తక్కువా మొయ్యను.

కొండను కొన్న ఆ కంపెనీ మాకు ఇచ్చిన పని రెండు ముక్కలు. ఒకటి, కొత్త గేట్లు. రెండు, రోజుకో రేటు, పూటకో రేటు పలికే సాఫ్ట్‌వేరు. ఎండ కాస్తుందని వాతావరణ సూచన వస్తే రేటు ఎక్కుతుంది, వాన అంటే దిగుతుంది, బడి సెలవులొస్తే ఇక దానికి పట్టపగ్గాలుండవు. ఆ ప్రాజెక్టుకు పెద్దను నేనే. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు నాకు అది ఎంత ముద్దొచ్చిందో! నేను రాసిన ప్రోగ్రాము ఆకాశం చూసి ధర చెబుతోందని మా బంధువులకు ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను.

నా టీములో ఒక అమ్మాయి ఉండేది. కరీంనగర్ వైపు పిల్ల, ఆకెన్‌లో మాస్టర్స్ చేసి, బ్లూ కార్డు వీసా మీద కొత్తగా చేరింది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ సార్ అనరమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా సార్ అనే పిలిచేది. పాత టికెట్ రకాలన్నీ కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించే పని ఆమెకు ఇచ్చాను. వరసగా ఐదు సీజన్లు ఒక్కటీ అమ్ముడుపోని రకం ఉంటే దాన్ని తీసేయాలని రూలు. ఆ రూలు రాసింది కూడా నేనే.

ఒకరోజు ఆమె లాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, ఈ బుధవారం పిల్లల కార్డు చూడండి. ఐదేండ్ల నుంచి జీరో. అసలు ఒక్కటంటే ఒక్కటి అమ్మలే. కానీ మొన్న బుధవారం నేను గేటు కొలతలకు పోయినప్పుడు ఆడ మస్తు మంది పిల్లలున్నరు సార్. ఇది డేటా మిస్సయిందా, ఇంకేమన్న ఉందా?"

నాకు ఒక్క క్షణంలో అంతా తెలిసింది. చెప్పాల్సింది ఒక్క వాక్యం. ఆ పిల్లలు కాళ్ళతో పనిచేసి ఎక్కుతారమ్మా, అది కాగితం మీదికి రాదు, దాన్ని అలాగే ఉండనియ్యి, అని. ఆ వాక్యం చెబితే దానికి ఒక నోట్ రాయాలి. నోట్ రాస్తే కొండ కంపెనీ చదువుతుంది. చదివితే, ఇన్నేళ్ళూ ఎవరెవరు అలా ఎక్కారని అడుగుతుంది. మా కంపెనీలో ఆ ఏడాది మనుషుల్ని తగ్గిస్తున్నారు. నాకు యాభై నాలుగు. ఇంటి అప్పు ఇంకా సగం ఉంది.

"డేటా ఏం చెబితే అది రాయమ్మా" అన్నాను.

"మరి నేను కండ్లతోని చూసింది సార్?"

"నువ్వు చూసింది సిస్టమ్‌లో లేదు కదా" అన్నాను. ఆమె లాప్‌టాప్ మూసి వెళ్ళిపోయింది.

తరవాతి వారం మీటింగు. కొండ కింద లిఫ్టు స్టేషన్ మేడ మీద, అద్దాల గదిలో. కొండ కంపెనీ కొత్త మేనేజరు, మ్యూనిక్ నుంచి వచ్చినవాడు, చాలా మర్యాదస్తుడు, అందరికీ తనే కాఫీ పోశాడు. పనివాళ్ళ తరఫున పెద్దాయన్ని కూడా పిలిచారు. ఆయన ఉన్ని టోపీ చేతిలో పట్టుకుని, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద తీసేయబోయే టికెట్ల జాబితా వచ్చింది. అందులో నాలుగోది బుధవారం పిల్లల కార్డు. పక్కన సున్నా.

"పిల్లలు వస్తారే" అన్నాడు పెద్దాయన.

"ఎంతమంది?" మేనేజరు అడిగాడు.

"అందరూ."

"ఎక్కడ రాశారు?"

పెద్దాయన టోపీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎక్కడా రాయలేదు మరి. మేనేజరు ఆయన్ని ఇంకా ఇబ్బంది పెట్టకుండా నా వైపు తిరిగాడు. నిజంగానే తెలుసుకుందామనే అడిగాడని ఇప్పటికీ నా నమ్మకం. "మీరు ఇక్కడే ఉంటారు కదా. మీ అమ్మాయి కూడా ఈ కొండ మీదే నేర్చుకుందని విన్నాను. మీరు చెప్పండి, బుధవారాలు పిల్లలు వస్తారా?"

పెద్దాయన నా వంక చూశాడు. కంగారేమీ లేదు ఆ చూపులో. మనవాడు ఉన్నాడు, చెబుతాడులే అన్నట్టు వెనక్కి ఆనుకున్నాడు.

నా బుర్రలో తిరుగుతున్నది ఒకటే. అవునంటే తరవాతి ప్రశ్న, మీ అమ్మాయి టికెట్ ఏదీ అని. ష్వార్ట్స్‌ఫారెన్ అనే మాట మీలో ట్రామ్‌లో టికెట్ లేకుండా దొరికిపోయినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. టికెట్ గేట్లు అమ్మే కంపెనీ ఇంజనీరు, టికెట్ లేకుండా ఎక్కిన మనిషి, అందులోనూ విదేశీ. ఆ గదిలో ఆ మాట నా పేరు పక్కన పడుతుందని ఊహించుకున్నాను.

"సిస్టమ్‌లో ఉన్నది మాత్రమే నేను చెప్పగలను" అన్నాను. జర్మన్‌లో ఒక్క తప్పు లేకుండా వచ్చింది ఆ వాక్యం.

మేనేజరు తెర వైపు తిరిగాడు. అయితే రెండే దారులు ఉన్నాయి అన్నాడు. పిల్లలు రావడం లేదు, అప్పుడు ఆ కార్డు అక్కర్లేదు. లేదా వస్తున్నారు, ఎవరో వాళ్ళను ఊరికే ఎక్కిస్తున్నారు, అప్పుడు అది వేరే సంగతి. పెద్దాయన ఒక్క వేలు నా వైపు చూపిస్తే చాలు. ఈయన్నీ ఎక్కించాను, ఈయన కూతుర్నీ ఎక్కించాను, అడగండి అంటే చాలు. ఆయన లేచి నిలబడి, "ఎక్కించింది నేను. ఇంకెవరికీ సంబంధం లేదు" అని కూర్చున్నాడు.

మీటింగు ముందుకు సాగిపోయింది. కాఫీ మళ్ళీ పోశారు. ఇంటికి వస్తూ కారులో నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, నేను అబద్ధం ఆడలేదు కదా అని. నిజమే, ఆడలేదు. అందులో ఉన్న పిరికితనం మాత్రం నాకు బాగా తెలుసు.

పెద్దాయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. కార్ల పార్కింగులో వేశారు. మెరిసే పసుపు జాకెట్ ఇచ్చి, వచ్చే కార్లకు ఖాళీ చూపించమన్నారు.

గేట్లు పెట్టిన మొదటి బుధవారం నేనూ ఆ అమ్మాయీ అక్కడే ఉన్నాం, పని సరిగా చేస్తోందో లేదో చూడడానికి. ముందు రోజు మంచు బాగా పడింది. బడి వదిలాక పిల్లలు వచ్చారు. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కొండ చేతులు మారిందని తెలుసు, కర్రల బదులు కుర్చీలు వచ్చాయని చూశారు, అయినా వాళ్ళకు తెలిసిన పని ఒకటుంది కదా. గేటు ముందు, కుర్చీ ఎక్కేదాకా ఉన్న దారిలో, అడ్డంగా వరసకట్టి తొక్కడం మొదలుపెట్టారు. యంత్రం తెల్లారేసరికే చదును చేసిన దారిని మళ్ళీ తొక్కారు. వాళ్ళను తొక్కిస్తున్నది మా అమ్మాయి. అప్పటికి దానికి పంతొమ్మిది, క్లబ్బులో చిన్నపిల్లలకు నేర్పేది.

అరగంట తొక్కి, బుగ్గలు ఎర్రబడి, పిల్లలు గేటు ముందుకు వచ్చారు. మొదటి పిల్లకు ఏడేళ్ళుంటాయి. మోచేతి దగ్గర వేరే రంగు గుడ్డతో అతుకు వేసిన జాకెట్ వేసుకుంది. గేటును తోసింది. ఎర్ర దీపం వెలిగింది. ఇంకోసారి తోసింది. మళ్ళీ ఎర్ర దీపం. మెడలో కంపెనీ కార్డు వేసుకుని పక్కన నిలబడ్డ నన్ను చూసి, "ఇస్ట్ దాస్ కపుట్?" అని అడిగింది. ఇది పాడైందా అని.

"లేదు, పనిచేస్తోంది" అన్నాను.

ఆ పిల్లకు అర్థం కాలేదు. పాడైతే కదా తెరుచుకోకుండా ఉంటుంది? వెనక్కి తిరిగి మా అమ్మాయి వంక చూసింది. మా అమ్మాయి నా వంక చూసింది. నా జేబులో సర్వీసు కార్డు ఉంది. ఏ గేటునైనా తెరుస్తుంది. అది దానికీ తెలుసు, ముందు రోజే ఇంట్లో గొప్పగా చూపించాను.

"పపా, మాఖ్ అవుఫ్" అంది. నాన్నా, తెరువు అని. కోపంగా అనలేదు. ఇంట్లో డబ్బా మూత తియ్యమన్నట్టు, మామూలుగా అంది.

ఆ కార్డు పెడితే ఏ నిమిషంలో, ఎవరి కార్డుతో గేటు తెరుచుకుందో సిస్టమ్‌లో పడుతుంది. అలా పడేటట్టు రాసింది నేనే. జేబులో చెయ్యి పెట్టి, కార్డును వేళ్ళతో పట్టుకుని, అలాగే నిలబడ్డాను. మా అమ్మాయి ఇంకోసారి అడగలేదు. పిల్లల్ని స్కీలు విప్పమంది. వాళ్ళు అవి భుజాలకెత్తుకుని, తొక్కిన దారినే వెనక్కి నడిచి పార్కింగు మీదుగా వెళ్ళిపోయారు. అక్కడ పసుపు జాకెట్‌లో ఉన్న పెద్దాయన కార్లు ఆపి వాళ్ళను దారి దాటించాడు.

కరీంనగర్ అమ్మాయి ఆఫీసుకు వెళ్ళేదారిలో ఒకే మాట అంది. "టెస్ట్ పాసయింది అని రాయాల్నా సార్?"

రాయమన్నాను. నిజానికి పాసయింది కదా. ఆరు నెలల్లో ఆమె వేరే ఉద్యోగం చూసుకుని కొలోన్ వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఉగాదికి శుభాకాంక్షలు పంపుతుంది. సార్ అనే రాస్తుంది. చదివినప్పుడల్లా ఆ పిలుపుకు నేను తగనని అనిపిస్తుంది.

మా అమ్మాయి ఆ ఏడాదితో క్లబ్బు మానేసింది, స్కీలు కూడా. నాతో దెబ్బలాడి ఉంటే బాగుండేది. దెబ్బలాడలేదు. అప్పటిదాకా ఇంట్లో నాతో తెలుగులో మాట్లాడే పిల్ల, అక్కడా నాకు జర్మన్‌లో జవాబులివ్వడం మొదలుపెట్టింది. బుధవారం పిల్లల్లో డబ్బున్నవాళ్ళు ఏడాది పాసులు కొనుక్కున్నారు. మిగతావాళ్ళు జిమ్ హాల్లో ఫుట్‌బాల్‌కు మళ్ళారు. ఊరి పిల్లలు ఊరి కొండను కింద నుంచి చూస్తూ పెరిగారు. పాత స్కీల సంత కూడా రెండేళ్ళకు ఆగిపోయింది. కొండ కంపెనీ నాకు మాత్రం జీవితాంతం చెల్లే ఉచిత పాసు ఇచ్చింది.

రెండు శీతాకాలాలు ఆ పాసుతో వెళ్ళాను కూడా. నేను కారు తిప్పేసరికి పార్కింగులో పెద్దాయన చెయ్యూపేవాడు. స్టేషన్‌కు దగ్గరగా, నడక తక్కువ పడే చోటు చూసి నన్ను అక్కడికి పంపేవాడు. నేను అద్దం దించకుండా చెయ్యెత్తి దండం పెట్టి పోయేవాణ్ణి. మూడో ఏడు ఆయన పెన్షన్ తీసుకుని పశువుల దగ్గరే ఉండిపోయాడు. నేను ఆ పాసును బీరువాలో పడేసి మళ్ళీ తియ్యలేదు.

నల్లగొండ అబ్బాయి ఆ మాట అని వెళ్ళిన నాలుగో రోజు, మధ్యాహ్నం, పెద్దాయన ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ రానంది. "మీరొక్కరే వెళ్ళండి. ఇద్దరం వెళితే చుట్టపుచూపు అవుద్ది" అంది.

ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ముందు గుర్తుపట్టలేదేమో అనుకున్నాను. కాఫీ పెట్టాడు. వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. మోకాలి నొప్పి గురించి, ఈ ఏడు పడని మంచు గురించి చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను. కాఫీ అయిపోయాక చెప్పాను. ఆ రోజు మీటింగులో నాకు తెలుసు, అయినా చెప్పలేదు, భయపడ్డాను అని. ఇన్నేళ్ళూ రానందుకు కూడా సిగ్గుగా ఉందని చెప్పాను.

"నీకు తెలుసని నాకు తెలుసు. నిన్ను తొక్కించింది నేనే కదా" అన్నాడు. కాఫీ కప్పులు పక్కకు జరిపి, "నువ్వు లేచి చెబుతావని చూశాను" అన్నాడు. అంతే.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎందుకో ఆ పాత పది చిల్లుల కార్డు జేబులో వేసుకున్నాను, ఇన్నేళ్ళూ దాన్ని దాచుకున్నాను కాబట్టి. ఇప్పుడు దాన్ని తీసి బల్ల మీద పెట్టాను. అట్ట పసుపుబారిపోయింది. రెండు చిల్లులున్నాయి, ఎనిమిది ఖాళీలున్నాయి. చూసి నవ్వుతాడనుకున్నాను. కార్డును నా వైపు తోసేసి, ఎప్పటిలా పస్ట్ షో అంటాడని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే వెళ్ళాను.

ఆయన లేచాడు. కిటికీ పక్కన మేకుకు ఆయన పాత చేతి పంచ్ వేలాడుతోంది, ఆవుల మెడపట్టీలకు రంధ్రాలు వేసుకోవడానికి దాచుకున్నాడట. దాన్ని తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, కార్డును వెలుతురుకు పట్టుకుని, మూడో గడిలో చిల్లు వేశాడు. తరవాత నాలుగోది. తొందర లేకుండా, ఒక్కొక్కటీ గడి మధ్యలో సరిగా పడేటట్టు చూసుకుంటూ, ఎనిమిదీ వేశాడు. బల్ల మీద పడ్డ అట్టముక్కల్ని అరచేత్తో ఊడ్చి, కార్డు నా చేతికిచ్చాడు.

గేటు దాకా వచ్చి సాగనంపాడు. దారి జారుడుగా ఉంది, చూసుకుని నడవమన్నాడు. పడి లేచిన ప్రతి పిల్లకూ, చిల్లర తక్కువైన ప్రతివాడికీ ఊరికే ఇచ్చిన ఆ మాట నాకు మాత్రం చెప్పలేదు.